తలకిందులుగా చూడని సెంటు

ప్రతి మూడో శనివారం ఉదయం పట్టణ గ్రంథాలయం కింది గదిలో నాణేల సంఘం కూడుతుంది. ఆనాడు మాత్రం కాఫీ వైపు ఎవరూ తొంగి చూడలేదు. పచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద, మధ్యలో చిన్న కిటికీలా కోసిన అట్టలో బిగించిన ఒకే ఒక్క సెంటు నాణెం ఉంది. దాని మీది సంవత్సరపు అంకెలు జంటగా కనిపిస్తాయి.

సంఘానికి పరీక్షకుడైన ఆంబ్రోస్ కెట్లర్ మూడేళ్ళ క్రితం దాన్ని చిల్లరలో ఏరి, టంకశాలలో అచ్చే జంటగా చెక్కబడిందని, అందుకే అరుదైన నాణెమని తేల్చాడు. చిన్ననాటి మిత్రుడు రోస్కో దానిపై మనసు పారేసుకున్నాడు. తన తాతగారి వెండి డాలరు ఆంబ్రోస్‌కు ఇచ్చి మరీ మార్చుకున్నాడు. వచ్చే వారం జిల్లా ప్రదర్శనలో దాన్ని పెట్టాలని అతని ముచ్చట. అయితే ప్రదర్శన చీటీలు రాసే థియా, "జంట అచ్చు అని నేను రాయలేను" అంది. ఆమె ఉద్యోగ విరమణ చేసిన పళ్ళ డాక్టరు.

"డాక్టరమ్మా, ముప్పయ్యేళ్ళు పళ్ళు పీకి పీకి మీకు అన్నిట్లోనూ పుచ్చే కనిపిస్తోంది!" అన్నాడు రోస్కో.

"పళ్ళకి తొడుగులు కూడా వేశాను కదండీ. పైపూత ఎక్కడ చిట్లుతుందో నా కళ్ళకి అలవాటే. ఈ సెంట్లలో లోపలంతా జింకు, పైన రాగి పొర. అచ్చు దెబ్బకి అంకె పక్కన పొర సాగి చిట్లితే లోపలి జింకు నల్లబడి గీతలా బయటపడుతుంది. అలాంటివి గుప్పెడు చిల్లరలో రెండుంటాయి."

వివాదం వస్తే సంఘానికొక పద్ధతి ఉంది. ఒక్కొక్కరూ మౌనంగా చూసి, చీటీ మీద ఒక్క మాట రాసి, పేరు పెట్టకుండా చుట్టల పెట్టెలో వేయాలి. ఈసారి ఆ మాట 'అచ్చు' అనో, 'పూత' అనో. పరీక్షకుడిది చివరి చీటీ. ఆరు చీటీలు పడ్డాయి. ఆంబ్రోస్ భూతద్దం అందుకున్నాడు.

"ఒక్కసారి తలకిందులుగా తిప్పి చూస్తారా, ఆంబ్రోస్ గారూ?" అంది థియా.

"వందసార్లు చూశానమ్మా."

"చూశారు. తిప్పి చూశారా?"

ఆంబ్రోస్ అట్ట వైపు చూశాడు. దాని మీద నాణెం పేరు రాసింది అతడే. తన అక్షరం తలకిందులైతే అతడికి మనసొప్పదు. అట్టను ఎప్పుడూ నిటారుగానే పట్టుకున్నాడు. అతని దీపం ఎప్పుడూ ఎడమ వైపే. అంకెల కుడి పక్కనున్న నల్లని గీతను రెండో అంకె అంచు మీద పడిన నీడ అనుకున్నాడు.

అట్టను మెల్లగా తిప్పాడు. గీత ఎడమకు, దీపానికి ఎదురుగా వచ్చింది. నీడ అయితే అక్కడ నిలవకూడదు. గీత అలాగే నల్లగా, చదునుగా నిలిచి ఉంది.

థియాది తప్ప పెట్టెలో చీటీలన్నీ తన మాటే పలుకుతాయని అతడికి తెలుసు. 'అచ్చు' అనే రాస్తే ఈ సెంటు ఎప్పటికీ రత్నమే, వెండి డాలరు ఎప్పటికీ తనదే. 'పూత' అని రాస్తే, తెలియక చేసినా సరే, మిత్రుడి తాత జ్ఞాపకాన్ని చిల్లరకు పుచ్చుకున్నవాడవుతాడు.

"ఏరా, నిద్రపోయావా?" అన్నాడు రోస్కో నవ్వుతూ.

ఆంబ్రోస్ రాశాడు. మడిచి పెట్టెలో వేశాడు. రోస్కో చీటీలు ఒక్కొక్కటిగా విప్పి పైకి చదివాడు. "అచ్చు. అచ్చు. పూత. అచ్చు. అచ్చు. అచ్చు." గెలిచినట్టు థియా వైపు చూసి, చివరిది విప్పాడు. చదవలేదు. అందులో 'పూత' అనీ, కింద పూర్తి సంతకమూ ఉన్నాయి. నలభై ఏళ్ళలో ఆ పెట్టెలో ఎవరూ సంతకం చేయలేదు.

"అయిదుకి రెండు. నేనే గెలిచాను కదరా" అన్నాడు రోస్కో నీరసంగా.

"ఆ అయిదూ నా మాట నమ్మి రాసినవేరా. నేను తప్పు చెప్పాను." ఆంబ్రోస్ జిల్లా ప్రదర్శన కోసం నాణేలు అమర్చిన తన పళ్ళెంలోంచి వెండి డాలరు తీసి గుడ్డ మీద పెట్టాడు. "ఇది నీది."

రోస్కో డాలరును అంచులు పట్టి ఎత్తాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"ఆ భూతద్దం ఇలా ఇవ్వు. మా తాత డాలరుని కూడా తలకిందులుగా చూడాలి. ఇక నీ మాట మీద దేన్నీ నమ్మను."

ఆంబ్రోస్ భూతద్దం ఇచ్చి, దీపాన్ని అతని వైపు జరిపాడు.