రెండు కుడి రెక్కలు

రిమోటుతో ఎగిరే విమానం కట్టుకుంటానని మా ఆయన అన్న రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంకో ఆడదైతే నవ్వి ఊరుకునేదేమో. ఈయన యాభై ఎనిమిదేళ్ల మనిషి. కత్తెర, టేపు, సుద్దముక్క తప్ప ఇంకో వస్తువు వైపు కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. అలాంటివాడు ఒక ఉదయం కట్టింగ్ బల్ల దగ్గర నిలబడి, విమానాల కిట్లు అమ్మే షాపు ఒకటుందట, ఒకటి కొనుక్కుని సొంతంగా కట్టాలనుంది అన్నాడు. నేను కుట్టే మిషను ఆపేశాను. వెంటనే మా అత్తగారు గుర్తొచ్చారు.

ఆవిడకు సరిగ్గా ఆ వయసులోనే మొదలైంది. ముందు మాటలు మరిచారు, తర్వాత మనుషుల్ని మరిచారు. చివర్లో చిన్నపిల్లలా బొమ్మలు కావాలని మారాం చేసేవారు. మిగిలిన పీలికలతో నేనే చేసిచ్చేదాన్ని. ఒకరోజు ఆ బొమ్మను ఒళ్లో పెట్టుకుని, కన్నకొడుకును చూసి, ఎవరు బాబూ నువ్వు అని అడిగారు. ఆయన షాపుకొచ్చి సాయంత్రం దాకా బట్ట కోస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఈయన విమానం కావాలంటుంటే నా గుండె గుభేలుమనదా మరి.

మా షాపులో ఆయన కోస్తాడు, నేను కుడతాను. వీధిలో అందరూ ఆయన్ని కొలతలాయన అంటారు. గుమ్మంలోకి మనిషి వస్తే చాలు, టేపు తియ్యకుండానే ఛాతీ ఎంతో చెప్పేసేవాడు. తర్వాత కొలిచి చూస్తే అరంగుళం తేడా కూడా ఉండేది కాదు. అలాంటి మనిషి ఆరు నెలల కిందట ఒక గళ్ల చొక్కాకి ముందుభాగాలు రెండూ ఎడమవే కోసి నా ముందు పెట్టాడు.

మామూలు బట్టయితే మడతేసి రెండు పొరల్నీ ఒకేసారి కోస్తారు కాబట్టి కుడి ఎడమల జత దానంతట అదే వస్తుంది. గళ్ల బట్టకు గళ్లు కలవాలి. అందుకని ఒక్కో ముక్క విడిగా కోస్తారు. కొలతల అట్టను ఒకసారి తిన్నగా, ఒకసారి బోర్లించి పెడతారు. బోర్లించడమనేది కట్టరుకు మొదటి వారంలో నేర్పే పని. ఆయన అది మరిచిపోయాడు. ఆటపట్టిద్దామని నోరు తెరిచి, ఆయన మొహం చూసి మూసేశాను. ఆ మొహంలో తప్పు చేశానన్న ఊసే లేదు.

ఆయన టీకి వెళ్లినప్పుడు అదే బట్ట తెచ్చి ముక్క కోసి కుట్టేశాను. పాడైన ముక్కను పీలికల సంచిలో అడుక్కి తోసేశాను. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఒక కోటు. ఆయనకు తెలిస్తే తట్టుకోలేడని భయం. తెలియకుండా ఇలా ఎంతకాలమని ఇంకో భయం. డాక్టరు మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే అది నిజమైపోతుందనిపించేది. విమానం వద్దనడానికి కూడా నోరు రాలేదు. వద్దంటే ఎందుకంటాడు, అప్పుడేం చెప్పను? సరే పదండి అన్నాను.

ఆ షాపు ఇరుకుగా, జిగురు వాసనతో ఉంది. పైనుంచి తీగలతో వేలాడదీసిన విమానాలు నెత్తికి తగులుతున్నాయి. షాపావిడ వేళ్ల మీద ఎండిన జిగురు పొరలు పొరలుగా లేస్తోంది. బొమ్మ విమానాలు చూపించండి అన్నాను. ఇవి బొమ్మలు కావండీ అని ఆవిడ నొచ్చుకుంది. ఎగరనంతసేపూ బొమ్మే కదమ్మా అన్నాను. నాకు భయమేస్తే నోరు ఇంకాస్త ఎక్కువ లేస్తుంది.

ఆవిడ ఆయన్ని నాలుగు ప్రశ్నలడిగింది. ఇదే మొదటిదా, ఎగరెయ్యడం నేర్పేవాళ్లున్నారా, దగ్గర్లో ఖాళీ మైదానముందా, చేతిపనికి ఓపికుందా అని. చివరిదానికి ఆయన, బట్టలు కోస్తానమ్మా అన్నాడు. ఆవిడ మూడు పెట్టెలు బల్ల మీద పెట్టింది.

మొదటిది యుద్ధవిమానం, రెక్కలు పొట్ట కింద ఉన్నది. కొత్తగా వచ్చే మగవాళ్లందరి చెయ్యీ ముందు దాని మీదికే వెళ్తుందట, వారం తిరక్కుండా ముక్కలు సంచిలో వేసుకుని మళ్లీ వస్తారట. ఆవిడే దాన్ని పక్కకు జరిపేసింది. రెండోది థర్మాకోల్ లాంటి ఫోముతో చేసింది. నాలుగే ముక్కలు, అంటిస్తే ఒక పూటలో అయిపోతుంది, విరిగినా టేపు వేసుకోవచ్చు. ఆ పెట్టెను నేను రెండు చేతులతో పట్టుకున్నాను. మూడోది తేలికపాటి చెక్కది. వందకు పైగా ముక్కలు, రెండు నెలల పని. దీని రెక్క పొట్ట పైన ఉంటుంది, చివర్లు కాస్త పైకి లేచి ఉంటాయి. గాల్లో పక్కకు ఒరిగినా, కంగారుపడకుండా రిమోటు మీద చెయ్యి వదిలేస్తే దానంతట అదే సర్దుకుంటుందని, మొదటిసారికి ఇలాంటిదే మంచిదని చెప్పింది. మనిషికి కూడా అలాంటి ఏర్పాటేదో ఉంటే బాగుండేది అనుకున్నాను.

ఆయన పెట్టెలోని ప్లాను కాగితం పరిచి చూశాడు. కుడి రెక్క ఒక్కటే గీసి ఉంది. ఆ గీతల మీద చెక్కముక్కలు పేర్చి, గుండుసూదులతో నిలిపి, జిగురు పెట్టాలి. ఎడమ రెక్క సంగతి ఆవిడ చెప్పబోతుంటే ఆయన అందుకుని, కాగితం బోర్లించాలి, అంతేగా అన్నాడు. ఆవిడ ఆశ్చర్యపోయింది. కాగితానికి నూనె రాస్తే గీతలు వెనకవైపు కూడా కనబడతాయని చెప్పి, చాలామంది మొదటిసారి ఆ సంగతి చూసుకోక రెండు కుడి రెక్కలు చేసుకొస్తారని నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆరు నెలల తర్వాత నా కట్టరు నాకు కనబడ్డాడు.

అంతలోనే ఆయన ఇంకేదో అడగబోయి ఆగిపోయాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో గుచ్చుతూ, అవి, గుచ్చేవి, అవి కూడా ఇవ్వమ్మా అన్నాడు. గుండుసూదులు అని నేను చటుక్కున అందించాను. రోజూ నోట్లో నాలుగైనా పెట్టుకుని పనిచేసే వస్తువు పేరది. ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి తల తిప్పుకున్నాడు.

ఇక ఆ చెక్కది కొననివ్వకూడదనుకున్నాను. కళ్లు లాగుతాయన్నాను, షాపులో పని పేరుకుపోతుందన్నాను, ఫోముది చూడండి ఎంత ముద్దుగా ఉందో అన్నాను. నా అసలు లెక్క వేరు. నాలుగు ముక్కల్లో ఎవరైనా ఎన్ని తప్పులు చెయ్యగలరు? ఆయన నా చేతుల్లోంచి పెట్టె తీసుకుని నెమ్మదిగా ఆవిడకిచ్చేశాడు.

"ఇందులో నేను చేసేదేముందే? చెక్కదే తీసుకుందాం."

మర్నాడు దారం కోసమని చెప్పి నేను ఒక్కదాన్నే ఆ షాపుకెళ్లి రెక్కల ముక్కలు ఇంకో జత అడిగాను. అప్పుడే విరిచేశాడా అందావిడ. ముందు జాగ్రత్తకని అబద్ధమాడాను. ఆవిడ ముక్కలు కాగితంలో చుడుతూ, రెక్కలో తేడా ఉంటే మాత్రం ఎగరెయ్యకండి, నా దగ్గరికి తీసుకురండి, చొక్కా సరిపోకపోతే మహా అయితే తిట్టుకుంటారు, ఇది మనుషుల నెత్తిన పడుతుంది అంది. ఆ పొట్లాన్ని బీరువాలో లైనింగ్ బట్టల కింద దాచాను. దాచినందుకు ధైర్యం రావాల్సింది పోయి, బీరువా తలుపు తీసినప్పుడల్లా ఆయన ఎక్కడున్నాడో చూసుకునేదాన్ని.

మధ్యాహ్నం బేరాలు ఉండని రెండు గంటలూ ఆయన కట్టింగ్ బల్ల చివర విమానంతో కూర్చునేవాడు. మూడో వారానికి ఒక రెక్క పూర్తయింది. లోపలి పక్కటెముకల్లాంటి చెక్కముక్కలన్నీ దువ్వెన పళ్లలా సమానంగా నిలబడ్డాయి. నేను వేలితో తడిమి చూసి, దేవుడా చాలు, ఇంకోటి కూడా ఇలాగే కానీ అని మొక్కుకున్నాను. రెండోది మొదలుపెట్టాక మాత్రం అటువైపు చూడలేదు. ఆయన పైన బట్ట కప్పి ఉంచేవాడు, నేను ఆ బట్ట జోలికి పోలేదు. పది రోజులు అలా గడిచాయి.

పదకొండో రోజు ఆయన ఒక కోటు ఇచ్చి రావడానికి పక్కవీధికి వెళ్లాడు. ఉండబట్టలేక బట్ట తీశాను. రెండో రెక్క కూడా అయిపోయింది, మొదటిదానంత నీటుగా ఉంది. చొక్కా ముందుభాగాలు ఎలా చూస్తానో అలాగే రెండిటినీ పక్కపక్కన పరిచాను. రెక్కకు ముందంచు లావుగా, వెనకంచు పలచగా ఉంటుంది. ఈ రెండిటినీ ఎదురెదురుగా కలిపితే ఒకదాని లావు అంచు ముందుకొస్తోంది, రెండోదాని లావు అంచు వెనక్కి పోతోంది. ఒకదాన్ని తిరగేసి చూశాను, దాని అడుగువైపు పైకొచ్చింది. రెండూ కుడి రెక్కలే.

అడుగున ఉన్న ప్లాను కాగితానికి నూనె రాసి ఉంది. బోర్లించలేదు. మూలన ఆయన దస్తూరీతో 'బోర్లించాలి' అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. మరిచిపోతానని తెలిసి రాసుకున్నాడు. రాసుకున్నది కళ్లెదురుగా పెట్టుకుని మరిచిపోయాడు.

బీరువాలోంచి పొట్లం తెచ్చాను. కాగితం బోర్లించి, ముక్కలు పేర్చడం మొదలుపెట్టాను. ఆయన వచ్చేలోపు అయ్యే పని కాదని తెలుసు. అయినా చేతులు ఊరుకోలేదు. మూడో ముక్కకే సూది గట్టిగా గుచ్చేసరికి చెక్క రెండుగా చీలింది. ఇంకోటి తీసుకుని తలెత్తితే గుమ్మంలో ఆయన. ఇవ్వాల్సిన కోటు ఇంకా చేతి మీదే ఉంది.

"ఎన్ని?" అన్నాడు.

"ఏవి?"

"ఇప్పటిదాకా నువ్వు దిద్దినవి."

దబాయిద్దామనుకున్నాను, కుదర్లేదు. చివరికి తొమ్మిది అన్నాను.

"అయితే మొత్తం పదకొండు," అన్నాడు. "రెండు నేనే చూసి, నీ దాకా రానివ్వలేదు."

తర్వాత గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. మొదటి చొక్కా నాడే సంచిలో ఆ ఎడమ ముక్క చూశాడట. నేను ఎప్పుడు అడుగుతానా అని కొన్నాళ్లు చూశాడట. నేను అడగలేదు. పైగా చొక్కాలన్నీ దివ్యంగా తయారై బయటికి పోతున్నాయి. తను బాగా కోసిందేదో, నేను దిద్దిందేదో తనకే తెలియకుండా పోయిందట. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే నేను దిద్దలేని పని ఒకటి కావాలనుకున్నాడట. విమానాల షాపులో ఆ చెక్క విమానం పెట్టె చూశాక ఇదే సరైందనుకున్నాడట. విమానం ఎగరాలని కూడా ఆయనకు పెద్దగా లేదట.

ఆ మాటలకు నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఓదార్చాలన్న తొందరలో, పోనీలెండి, మొదటిసారి అందరూ ఇలాగే చేస్తారని షాపావిడ అంది కదా అన్నాను.

ఆయన మొహం మారిపోయింది.

"అయితే ఇందులో కూడా తప్పుందన్నమాట," అన్నాడు.

ఆయనకు తెలియదు. అన్నీ తెలిసే అడుగుతున్నాడనుకున్నాను, ఈ ఒక్కటీ తెలియదు. నేను ముందు జాగ్రత్తకే ఇంకో రెక్క కడుతున్నాననుకున్నాడు. ఆయన కోటును బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చాడు. నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. రెక్కలు చేతిలోకి తీసుకున్నాడు. ఒకటి తిప్పాడు, రెండోది తిప్పాడు, పక్కపక్కన పెట్టాడు, ఎదురెదురుగా పెట్టాడు. బోర్లించి ఉన్న కాగితం చూశాడు. అక్కడే, తిరగబడి కనబడుతున్న తన రాత మీద వేలు కూడా పెట్టాడు. ఆయన చెవులు ఎర్రబడుతున్నాయి. బయట ఎవరో కొలతలాయనా అని పిలిచి, పలక్కపోయేసరికి వెళ్లిపోయారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. చూడండి, అదిగో అక్కడ, అని లోపల్లోపల ఎన్నిసార్లు అనుకున్నానో.

"చెప్పు," అన్నాడు చివరికి. "నాకు కనబడటం లేదు."

అంతా బాగానే ఉందండీ, ఊరికే అన్నాను అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇన్ని నెలలుగా అలాంటి మాటలు చెప్పడంలో ఆరితేరాను.

"రెండూ కుడివేనండీ."

ఆయన మళ్లీ రెక్కల వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. నేను ఆయన చూపుడువేలు పట్టుకుని ఒక రెక్క లావు అంచు మీదుగా నడిపించాను, తర్వాత రెండోదాని మీదుగా. ఇంకోసారి నడిపించాను. మూడోసారి నేను లాగకుండానే వేలు ఆగిపోయింది. ముప్పై ఏళ్లు బట్ట అంచులు పట్టుకున్న వేలు అది, కళ్ల కంటే ముందు దానికి అర్థమైంది. ఆయన వెళ్లి గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూలబడ్డాడు.

కోటు ఎందుకివ్వలేదో నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. వాళ్లిల్లు దొరకలేదట, ఆ వీధిలోనే రెండుసార్లు తిరిగాడట. పదేళ్లుగా వెళ్తున్న ఇల్లది. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. పదకొండూ చెప్పు, ఈ కోటు సంగతీ చెప్పు, ఏదీ తగ్గించొద్దు అన్నాడు. సరేనన్నాను.

"భయంగా ఉందే నాకు," అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. వాళ్లమ్మ ఎవరు బాబూ నువ్వు అన్న రోజున కూడా అనలేదు. ఏం కాదులెండి అని చెప్పాలి, భార్యలు చెప్పేది అదే. నాకు ఆ మాట రాలేదు.

"నాకూ భయంగానే ఉందండీ," అన్నాను.

ఆయన కొంచెం జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను.