తూర్పు వాకిలి

నాలుగో మేకు వంకరపోయింది. హార్లన్ అటకై అనే ముసలాయన దాన్ని సుత్తి వెనకవైపుతో పీకి కిటికీ గూట్లో పడేశాడు. పెదాల మధ్య పట్టుకున్న మేకుల్లోంచి ఇంకొకటి తీశాడు. కిటికీకి అడ్డంగా కడుతున్న దుప్పటి అంచుని ఎడమ మోచేత్తో గోడకి అదిమిపెట్టి, రెండు దెబ్బల్లో దిగ్గొట్టాడు. వంటగదిలో గొర్రెమాంసం, మొక్కజొన్న గింజలు కలిసి ఉడుకుతున్నాయి. ఇంకా తెల్లవారలేదు. పొద్దెక్కాక గ్రహణం.

ఆయన పొట్టి మనిషి. భుజాలు ముందుకి వంగి ఉంటాయి. నెరిసిన జుట్టుని తెల్ల ఉన్నితో వెనక్కి ముడివేస్తాడు. బొగ్గుగనిలో పనిచేసిన రోజులు వేళ్ళ సందుల్లో నల్లగా మిగిలిపోయాయి. ఏ సబ్బుకీ అవి లొంగలేదు. ఎడమ చెవి వినబడదు. ఇష్టంలేని మాటలు వచ్చినప్పుడు కుడిచెవి కూడా వినబడదని పిల్లలు ఏడిపిస్తారు.

ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు ఈ పాత ఇటుకల ఇంటిని ఇంక దేనికీ పనికిరాదని తేలాక మా నవహో తెగ ఆదివాసీ పిల్లలకి ఇచ్చారు. చదువుకోవడానికి, వండుకోవడానికి, దిగులేస్తే వచ్చి కూర్చోవడానికి. ఇచ్చిన ఇంటికి వాకిలి పడమటివైపు ఉంది. మావాళ్ళ ఇంటి వాకిలి తూర్పుకే ఉండాలి, తెల్లారేసరికి వెలుగు అడక్కుండానే లోపలికి రావాలి. హార్లన్ పనిలో చేరిన మొదటిరోజే పడమటి తలుపుకి అడ్డంగా పెద్ద బీరువా జరిపి, వంటగది తలుపుని వాకిలి చేశాడు. కాలేజీ మ్యాపులో మాత్రం ఇప్పటికీ పడమటి తలుపే ఉంది. తెలియనివాళ్ళు వచ్చి బీరువాని బాదుతూ నిలబడతారు.

కాగితం మీద ఆయన ఉద్యోగం ఊడ్చడం, తుడవడం, వ్యాను నడపడం. నిజంగా చేసిన పని వేరే. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ తూర్పు వాకిట్లో ఆపి, "ఎవరింటి బిడ్డవి? అమ్మవైపు ఎవరు, నాన్నవైపు ఎవరు?" అని అడిగేవాడు. జవాబు వినగానే చుట్టరికం లెక్కకట్టేవాడు. ఇంట్లోకి అడుగుపెట్టే లోపల ఆ బిడ్డకి ఊళ్ళో ఒక మనిషి దొరికేవాడు.

కైలీన్ బిట్సిలీ వచ్చినప్పుడూ అంతే. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. "అమ్మవైపు ఉప్పువారు," అని తన వంశం చెప్పింది. హార్లన్ టోపీ తీసేశాడు.

"మా నాన్న ఉప్పువారి బిడ్డే. అంటే నువ్వు నాకు మేనత్తవి. దణ్ణం అత్తా."

తాతలాంటి మనిషి అలా వంగేసరికి ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది. మర్నాటికల్లా, "ఏమోయ్ అల్లుడూ, కాఫీ ఏదీ?" అని పెత్తనం మొదలుపెట్టింది.

హార్లన్ కూడా ఒకప్పుడు ఈ కాలేజీలోనే చదివాడు. భూమి కొలతల చదువు. అప్పుడు ఈ ఇల్లు లేదు. ఒక గ్రహణం రోజు మేష్టారు క్లాసునంతా నల్ల అద్దాలిచ్చి బయటికి తీసుకుపోయాడు. మావాళ్ళకి సూర్యుడు తండ్రి, గ్రహణంలో ఆయన పోయి మళ్ళీ పుడతాడు, అది చూడకూడదు. హార్లన్ ఒక్కడే బల్లకింద దూరి, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. సున్నా వేశారు. సున్నాకి ఆయన బాధపడలేదు. ఎందుకు రాలేదని ఒక్కరూ అడగలేదు. ఆ వారమే బస్సెక్కి ఇంటికి పోయాడు, మళ్ళీ తిరిగి రాలేదు. గనిలో దిగాడు, లారీ తోలాడు. చివరికి ఈ ఇల్లు ఊడవడానికి మనిషి కావాలంటే వచ్చాడు. ఈ పిల్లల్లో ఒక్కరు కూడా తనలా బస్సెక్కకూడదన్నది ఆయన పంతం.

ఇవాళతో ఈ ఉద్యోగం కూడా వదిలేస్తున్నాడు. అక్కకి మోకాళ్ళు పోయాయి, గొర్రెల వెనక నడవలేకపోతోంది. మధ్యాహ్నం ఇంటికి బయల్దేరాలి.

తూర్పు తలుపు తెరుచుకుంది. కైలీన్ ఒక థర్మాకోల్ పెట్టెని చంటిబిడ్డలా గుండెకి హత్తుకుని నిలబడి ఉంది.

"వ్యాను తియ్యి అల్లుడూ. పొద్దుకి పట్టు పట్టేలోపల తిరిగొచ్చెయ్యాలి."

ఇద్దరూ బెలూన్ ఎగరేసే మైదానానికి బయల్దేరారు. ఆ పెట్టెలో ఆమె ఏడాది కష్టం ఉంది. కాలేజీ వాళ్ళు గ్రహణం నడుమ పెద్ద బెలూన్ ఎగరేస్తున్నారు. పైకి పోయాక గాలి ఎంత చల్లబడుతుందో ఈ పెట్టె రాసుకుంటుంది. బెలూన్‌ని సమయానికి నేలమీంచి వదిలే గొళ్ళెం కూడా ఆమె చేసిందే. ఎవరి వస్తువు దగ్గర వాళ్ళు నిలబడాలని ప్రొఫెసర్ హాల్వర్సన్ నియమం పెట్టాడు. ఈ పని బాగా జరిగితే వేసవిలో ఆయన ల్యాబులో చోటు.

"నన్ను వెళ్ళొద్దనవేం?" అంది ఉన్నట్టుండి.

"అత్తకి చెప్పేంతవాణ్ణా?"

"వేళాకోళం కాదు. అమ్మమ్మ ఫోన్లో ఏమందో తెలుసా? 'మీ నాన్న చివరి ఊపిరి తీస్తుంటే నోట్లో థర్మామీటర్ పెట్టి చూస్తావటే?' అంది."

హార్లన్‌కి నవ్వొచ్చింది. "మరి నువ్వేమన్నావు?"

"చూడనన్నాను. పెట్టెని చూడనివ్వు, నేను చూడను, సూర్యుడు తిరిగి లేచాక అడిగి చూసుకుంటానన్నాను. చివరికి అమ్మమ్మ 'సరే, బయట మాత్రం ఉండకు' అంది."

మైదానంలో హార్లన్ వ్యాను దిగి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. దగ్గరికి వెళ్ళలేదు. మాటలు మాత్రం కుడిచెవికి బాగానే వినబడ్డాయి.

"ఇప్పుడే అన్నీ బిగించి వెళ్ళిపోతాను సార్. గ్రహణం విడిచేదాకా ఇంట్లోనే ఉంటాను. ఫోను కూడా చూడను," అంది కైలీన్.

హాల్వర్సన్ చెడ్డవాడు కాదు, హడావిడి మనిషి. "ఈ సంగతి నిన్న చెప్పాల్సింది కదమ్మా! గొళ్ళెం మొరాయిస్తే ఎవరు చూస్తారు?"

"ఓవెన్‌కి నేర్పాను."

పక్కనున్న ఓవెన్, ఎర్రజుట్టు కుర్రాడు, "అది చంద్రుడి నీడేగా!" అన్నాడు. ఎగతాళిగా కాదు, అయోమయంగా.

"తెలుసు. ఆ నీడ ఎప్పుడు పడుతుందో లెక్కకట్టింది నేనే. మా ఇంట్లో పెద్దాయన పోయి మళ్ళీ పుడుతుంటే గుడ్లప్పగించి చూడం. అంతే."

హాల్వర్సన్ బెలూన్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "పెట్టె ఎగరకపోతే నీ చోటు నేను కాపాడలేను కైలీన్. చెప్పడం నా ధర్మం."

"అర్థమైంది సార్," అంది. ప్రతి మరమేకునీ తడిమి చూసి, ఓవెన్ భుజం తట్టి, వ్యాను దగ్గరికి వచ్చేసింది. అప్పటిదాకా ఏ మేష్టారికీ తల ఎత్తి జవాబు చెప్పని పిల్ల. హార్లన్‌కి ఛాతీ ఉప్పొంగింది. బల్లకింద దూరాల్సిన పని ఈమెకి లేదు, చెప్పి మరీ వచ్చింది. ఆ గర్వం మొహంలో కనబడకూడదని వ్యాను తాళం కోసం జేబులన్నీ వెతికాడు. తాళం వ్యానుకే ఉంది.

ఇంటికి చేరేసరికి పిల్లలంతా గబగబా తింటున్నారు. పట్టు పడితే తినకూడదు, నీళ్ళు తాగకూడదు, నిద్రపోకూడదు. ఫోన్లన్నీ రొట్టెల డబ్బాలోకి పోయాయి. హార్లన్ చివరి దుప్పటి సర్దాడు. గది చీకటైంది. అందరూ గోడలకి ఆనుకుని కూర్చున్నారు. ఎవడో కునికాడు. పక్కవాడు డొక్కలో పొడిచాడు.

"నిద్రపోలేదురా, ఆలోచిస్తున్నా!"

"గురకపెట్టి ఆలోచిస్తావా?"

కైలీన్ నవ్వలేదు. చొక్కా అంచుని మెలిపెడుతూ కూర్చుంది. దుప్పట్ల సందుల్లో వెలుగు పలచబడి, బూడిదరంగులోకి తిరిగింది.

అప్పుడు బీరువా దడదడలాడింది.

"కైలీన్! నేను, ఓవెన్‌ని! గొళ్ళెం కదలడం లేదు! ఇంకాసేపట్లో వదలాలి, ఒక్కసారి రా!"

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె లేచింది. హార్లన్‌కి గుండె కొట్టుకోవడం చెవుడు చెవిలో కూడా వినబడింది. వెళ్తే అమ్మమ్మకిచ్చిన మాట పోతుంది. వెళ్ళకపోతే ల్యాబులో చోటు పోతుంది. ఆ తరవాత బస్టాండు ఎంత దూరమో ఆయనకి బాగా తెలుసు.

కైలీన్ తూర్పు తలుపు వైపు పోలేదు. బీరువా దగ్గరికి వెళ్ళి, చెక్కకి నోరు ఆనించి అరిచింది.

"ఓవెన్! దాన్ని ఇనపబల్ల మీద పెట్టావా?"

"ఆ, పెట్టాను!"

"చలికి బిగుసుకుంది! ఊడదీసి చంకలో పెట్టుకో! వెచ్చబడ్డాక బిగించు!"

"చంకలోనా?"

"చలికాలంలో గొర్రెపిల్లకి పాలసీసా అలాగే వెచ్చజేస్తాం! పరిగెత్తు!"

అడుగుల చప్పుడు దూరమైంది. ఆమె వచ్చి హార్లన్ పక్కన కూలబడింది. ఏమైందో తెలుసుకునే దారి లేదు. ఆయన తన గరుకు చెయ్యి ఆమె తలమీద పెట్టి అలాగే ఉంచాడు.

గ్రహణం విడిచింది. పిల్లలు మొహాలు కడుక్కుని తూర్పు వాకిట్లోకి వెళ్ళి ఎండలో నిలబడ్డారు. కైలీన్ రొట్టెల డబ్బా వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఆ డబ్బా తెరిచే లోపలే ఇంటి మూలన ఎవరో చుట్టూ తిరిగి వస్తున్న అలికిడైంది.

హాల్వర్సన్. టోపీ చేతిలో పట్టుకుని, ఆ వాకిలికి మొదటిసారి వచ్చాడు.

హార్లన్ అలవాటుగా నోరు తెరిచాడు. కైలీన్ ముందే అందుకుంది.

"ఎవరింటి బిడ్డ సార్ మీరు? అమ్మవైపు ఎవరు?"

ఆయన తడబడ్డాడు. "అమ్మవైపు... చేపలు పట్టేవాళ్ళు. నాన్నవైపు గోధుమ రైతులు."

"మా అల్లుణ్ణి అడగాలి. ఏమోయ్, చుట్టరికమేమైనా తగిలిందా?"

హార్లన్ కాసేపు లెక్కకట్టాడు. "తగల్లేదత్తా. అయినా కూర్చోమను, తింటాడు."

గిన్నె అందుకున్నాక హాల్వర్సన్ చెప్పాడు. పెట్టె ఎగిరింది. అన్నీ రాసుకుంది. వేసవిలో ల్యాబు ఆమెదే. ఓవెన్ చొక్కా విప్పి చంకలో గొళ్ళెంతో నిలబడిన ఫోటో కాలేజీ అంతా తిరుగుతోంది. ఇంకోసారి గ్రహణం వస్తే లోపలుండాల్సినవాళ్ళు లోపలే ఉంటారు, వాళ్ళ వస్తువు బయట ఉంటుంది, ఆ నియమం తనే మారుస్తానన్నాడు. పిల్లలు ఈలలు వేశారు. హార్లన్ పొయ్యివైపు తిరిగి గిన్నె అడుగు గీకాడు. కళ్ళు తడిశాయి. తుడుచుకోలేదు.

పెట్టె దిగిన చోటు ఫోన్లో కనబడింది. హార్లన్ వాళ్ళ అక్క గొర్రెలు మేసే దిక్కునే.

"ఎలాగూ ఇంటికే పోతున్నావుగా, వెతికి తెచ్చిపెట్టు," అంది కైలీన్.

"నేను తేను. వెతికి ఇంట్లో పెడతాను. నువ్వే రా, మీ అమ్మమ్మని కూడా తీసుకురా. గొర్రెని కోస్తాం."

"అల్లుడు పిలిస్తే అత్త రాకుండా ఉంటుందా?"

ఆయన వ్యాను తాళం ఆమె చేతిలో పెట్టాడు. తన పాత బండి ఎక్కాడు. అది రెండుసార్లు దగ్గి, మూడోసారి కదిలింది. వీధి మలుపు తిరిగేదాకా పిల్లలు వాకిట్లోనే నిలబడ్డారు. తరవాత లోపలికి వచ్చి దుప్పట్లు దించి, మడతలు పెట్టి, మేకులన్నీ డబ్బాలో పోశారు.

తూర్పు వాకిలి పక్కన ఒక మేకు మాత్రం గోడకే ఉంది. దానికి సుత్తి వేలాడుతోంది. పిడికి చుట్టిన నల్లటేపు మీద, ఒక బొటనవేలు ఇన్నేళ్ళూ ఆని ఆని అరగదీసిన చిన్న గుంట ఉంది.