మొద్దు మొన కత్తెర

పాల ప్యాకెట్ అడ్డదిడ్డంగా తెగి, సగం పాలు మా ఆయన చొక్కా మీద పడ్డాయి. తప్పు కత్తెరది. వంటింట్లో ఉండే వస్తువు కాబట్టి తప్పు నాది.

"ఇదొక కత్తెరా? మొన చూడు, బొత్తాంలా మొద్దుగా ఉంది. సాన పట్టించుకొస్తా, ఇలా ఇవ్వు."

"పట్టుకోవడం తెలిస్తే బాగానే తెగుతుంది," అన్నాను.

"ఓహో, దానికీ డిగ్రీ కావాలన్నమాట. పోన్లే, నీ చదువు ఎక్కడో ఒకచోట పనికొచ్చింది."

ఇలాంటి మాటలకు అత్తగారు మామూలుగా నవ్వుతారు. ఆ రోజు నవ్వలేదు. "దాని జోలికి పోకురా," అన్నారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఆయన వేరే చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళారు. తడిసిన చొక్కా నానబెట్టి, నేల తుడిచి, ఆ కత్తెర పట్టుకుని పంపు దగ్గర నిలబడ్డాను. సాన పట్టేవాడి చేతిలో పడేముందు ఒకసారి శుభ్రంగా తోమాలనిపించింది, ఎందుకో. మర దగ్గర ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు సోడాతో రుద్దితే వదిలింది. రేకు లోపలివైపు సూదితో గీసినట్టు వంకరటింకర అక్షరాలు బయటపడ్డాయి.

"ఆరో వార్డు అక్కకు. బతికినవాళ్ళం."

పంపు కట్టడం మరిచిపోయాను.

ఆ కత్తెర మా ఆయన నాయనమ్మది. నేను కాపురానికి వచ్చేసరికే ఆవిడ లేరు. నాకు తెలిసిందల్లా ఒక ఫోటో, ఒక మడత. కొత్తలో నేను పక్క వేస్తుంటే అత్తగారు వచ్చి దుప్పటి లాగేశారు. "మన ఇంటి మడత ఇది కాదమ్మాయ్," అని, మూలను ఏటవాలుగా ఎత్తి, కింద అంచు పరుపు కిందకు తోసి, పైభాగాన్ని కవరు మూతలా దించి చూపించారు. వాళ్ళ అత్తగారు నేర్పిందట. అప్పట్నుంచి ఈ ఇంటి మంచాలన్నీ అలాగే వేస్తున్నాను. మావగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక రోజుకు ఎన్నిసార్లు వేశానో. ఆయన పోయేదాకా వీపున ఒక్క పుండు పడలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు మా ఆయన భుజం తట్టి, "కొడుకువంటే నువ్వయ్యా," అన్నారు. కాఫీ ట్రే పట్టుకుని నిలబడి విన్నాను.

పెళ్ళికి ముందు చాన్నాళ్ళు పుట్టింట్లో జబ్బుపడి ఉందన్న ముక్క తప్ప, నాయనమ్మ గురించి ఇంట్లో చెప్పుకునేది ఒకటే కథ, అదీ నవ్వుతూ. చివరి రోజుల్లో ఆవిడకు మతి చెడిందని, చీకటి పడితే చాలు గదులన్నీ తిరుగుతూ మంచాలు లెక్కపెట్టేదని, పడుకున్న పిల్లల మెడ మీద, జ్వరం చూసినట్టు, చెయ్యి తిరగేసి పెట్టి చూసేదని. "ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటి తక్కువైందనేది. మేమంతా జడుసుకుని చచ్చేవాళ్ళం," అంటారు మా ఆయన.

మధ్యాహ్నం కత్తెర తీసుకెళ్ళి అత్తగారి ఒళ్ళో పెట్టాను. ఆవిడ చదవలేదు. అక్షరాలున్న చోట వేలితో తడిమారు. అంటే తెలుసు.

"యుద్ధం రోజుల్లో వెళ్ళిందమ్మాయ్, తనంతట తనే. పెళ్ళి కాకముందు. మన ఊరి పాత ఆస్పత్రిలో దెబ్బలు తగిలినవాళ్ళకు కట్లు కట్టడానికి."

"మరి పుట్టింట్లో జబ్బుపడి ఉందన్నారు?"

"అలా చెప్పమన్నారు. పెళ్ళికి అదే షరతు. పరాయి మగాళ్ళ ఒళ్ళు తాకిన చేతులని వాళ్ళ మావగారు ఏడాది పాటు ఆవిడ వడ్డిస్తే తినలేదట. ఆవిడ వండేది, ఇంకొకరు తెచ్చి పెట్టేవారు." కత్తెర నా చేతికిచ్చి, "నాకు మడత నేర్పినప్పుడు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. నేనూ మంచి కోడలిని కదా," అన్నారు.

అత్తగారి కంటి చుక్కల మందు తెచ్చే వంకతో మర్నాడు పాత ఆస్పత్రికి వెళ్ళాను. వెనక భవనంలో నర్సులకు పాఠాలు చెప్పే పెద్దావిడ ఉందంటే వెతుక్కుంటూ పోయాను. ఆవిడ కత్తెర తీసుకుని మొద్దు మొన మీద బొటనవేలు పెట్టింది. "కట్టుకీ చర్మానికీ మధ్య దూర్చేది ఈ మొన. పుండు మీద గుచ్చుకోకూడదనే ఇలా చేస్తారు. దీంతో ఇంట్లో ఏం చేస్తున్నారు?"

పాల ప్యాకెట్ల మాట ఎత్తకుండా, మా ఆయన నాయనమ్మదని చెప్పి లోపలి అక్షరాలు చూపించాను.

"ఆవిడ పేరు ఇక్కడెక్కడైనా ఉంటుందాండీ?"

"జీతానికి చేసినవాళ్ళ పేర్లే ఉంటాయమ్మా. ఊరికే వచ్చి చేసినవాళ్ళను ఎవరు రాసుకుంటారు?"

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. నాకే ఎక్కడో తగిలింది. పక్క గదిలో నేర్చుకునే అమ్మాయిలు వరసగా మంచాలు వేస్తున్నారు. మూల ఏటవాలుగా ఎత్తి, అంచు కిందకు తోసి, పైభాగం దించి. మన ఇంటి మడత. ఇన్నేళ్ళూ పొద్దున్నే నేను వేసింది ఇంటి మంచాలు కాదు. ఆవిడ వదిలి రాలేని వార్డు మంచాలనే ఈ ఇంట్లో కోడలి తర్వాత కోడలు వేస్తూ వచ్చాం. బతికినవాళ్ళు కత్తెర మీద ఉన్నారు. బతకనివాడెవడో ఉన్నాడు. వాడి మంచం కోసమే ఆవిడ చీకటిపడగానే మా గదులన్నీ వెతికింది.

ఒక మంచం మూల వదులుగా ఉంటే వంగి సరిచేశాను. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అంది పెద్దావిడ.

ఇంట్లోనేనని, మావగారి సంగతీ చెప్పాను. ఒక్క పుండు కూడా పడలేదంటే కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది. "పక్షవాతం వార్డులో మనుషులు కావాలి. పని మేం నేర్పుతాం. ఊరికే కాదు, ఉద్యోగం. శనివారంలోగా చెప్పండి."

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం పక్కలు వేస్తుంటే దుప్పటి అవతలి అంచు ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుంది. తలెత్తి చూడలేదు. భయమేసింది, నాయనమ్మంటే కాదు. రేపెప్పుడో మా అమ్మాయి పిల్లలు నా గురించి నవ్వుతూ చెప్పుకోబోయే కథ ఏమిటా అని.

శుక్రవారం రాత్రి అందరం భోజనాలకు కూర్చున్నాం. అంటే వాళ్ళు కూర్చున్నారు, నేను వడ్డిస్తున్నాను.

"ఆ కత్తెర ఎక్కడ దాచావు? రేపు సాన పట్టించేస్తా," అన్నారు మా ఆయన.

గరిటె గిన్నెలో పెట్టి, కంచం తెచ్చుకుని, అత్తగారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అమ్మాయి తినడం ఆపి నా వైపు చూసింది.

"ఏమైంది, ఒంట్లో బాలేదా?" అన్నారాయన.

"బాగానే ఉన్నాను. పాత ఆస్పత్రిలో పక్షవాతం వార్డులో చేరుతున్నాను. జీతానికే."

"ఎవరెవరివో ఒళ్ళు తుడవడానికా? నలుగురూ ఏమనుకుంటారు? మరి ఇంట్లో పని?"

అత్తగారు కూర గిన్నె నా కంచం వైపు జరిపారు. తర్వాత గరిటె తీసుకుని తనే నాకు వడ్డించారు.

"పాల ప్యాకెట్లకు వేరే కత్తెర కొనుక్కురండి," అన్నాను. "ఇది సోమవారం నుంచి నాతో పాటు డ్యూటీకి వస్తుంది."