పీరు లేని నిప్పు

జమ్మలమడుగుకు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊళ్లో పీర్ల పండగనాడు గుండం తొక్కాలంటే కుళ్లాయప్పే తొక్కాలి. పెద్దపీరును భుజానికెత్తుకుని, కణకణలాడే నిప్పుల మీద చేనిగట్టున నడిచినట్టు నడిచిపోయేవాడు. ఇన్నేళ్లలో ఒక్క బొబ్బ లేచిన పాపాన పోలేదు. ఊరికి తన కాళ్ల మీద లేని నమ్మకం అతని కాళ్ల మీద ఉండేది. కుళ్లాయప్ప నమ్మకం మాత్రం పీరు మీదే. పీరు చేతిలో లేకపోతే తాను పొయ్యి దగ్గరికి పోవడానికి కూడా జంకుతానని అతను ఎవరికీ చెప్పుకోలేదు. పరువు అడ్డొచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు ఎండాకాలంలో అతను పత్తికట్టె కోస్తుండగా, మిలిటరీవాళ్లు నడపడం నేర్చుకునే చిన్న విమానమొకటి పొగ కక్కుకుంటూ వచ్చి పక్క చేలో పడింది. నేల అదిరింది. ఊరంతా పరుగెత్తుకొచ్చి ముక్కున వేలేసుకుంది. ఆకాశంలో గద్దంత కనబడేది ఇంత పెద్దదా అని ఒకరు, దాని కడుపులో మనిషి ఉంటాడా అని ఇంకొకరు. ఉన్నాడు. నూనూగు మీసాలవాడు, బెల్టులు బిగుసుకుని కదల్లేక, లోపలినుంచి అద్దం మీద చేత్తో కొడుతున్నాడు. విమానం ముందుభాగం అంటుకుంది.

జనం వెనక్కి జరిగారు. ఆ తర్వాత ఒక్కొక్కరి చూపే కుళ్లాయప్ప మీదికి తిరిగింది. అతని నిప్పు ముచ్చట ఊరికి కొత్తదా? నీకేం కాదు, పో మామా అంటూ పక్కింటి కుర్రాడు షరీఫ్ ముందుకు తోశాడు కూడా. భార్య నాగేంద్రమ్మ ఒక్కతే అతని పంచె పట్టుకుంది.

"పండగా కాదు, పీరూ లేదు. యాడికి పోతాండావు?"

నిజమే. కుళ్లాయప్ప ఆగాడు. ఇంతలో లోపలివాడు కొట్టడం ఆపి అతని వంకే చూశాడు. ఆ చూపును అతను తట్టుకోలేకపోయాడు. పంచె విడిపించుకుని, కొడవలి పట్టుకుని నడిచాడు. అలవాటుకొద్దీ రెండో చెయ్యి భుజం మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు.

గుండంలో నిప్పు కాళ్ల కిందే ఉంటుంది. ఇక్కడ మొహానికి ఎదురొచ్చింది. కాలుతున్న రెక్క మీద ఒట్టికాళ్లతో నిలబడి, పగిలిన అద్దాన్ని తన్ని, బెల్టులు కోసి, వాణ్ణి భుజాన వేసుకుని వచ్చేశాడు. వెనక విమానం భగ్గుమంది.

మిలిటరీ లారీ వాణ్ణి తీసుకుపోయింది. బతికాడని ప్రొద్దుటూరు నుంచి కబురొచ్చింది. కుళ్లాయప్ప పాదాలు మాత్రం తోలు ఊడి, పండగ దగ్గరపడినా మానలేదు. ఊరు గుసగుసలాడింది. పీరు విడిచిపెట్టబట్టే కాళ్లు కాలాయి, కాలిన కాలితో ఇక గుండం తొక్కరాదు అంది. అతనికీ అదే అనిపించి పసివాడిలా ఏడ్చాడు.

పీర్ల సావిడిని చూసుకునే ముజావరు, ముసలి రహమతుల్లా, అతన్ని చూడ్డానికి వచ్చాడు. ఇంకొకణ్ణి చూసుకో తాతా అని కుళ్లాయప్ప మొహం తిప్పుకున్నాడు. ముసలాయన ఆ పాదాలు ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఇన్నేండ్లు నిన్ను పీరుసామి నడిపిచ్చినాడప్పా. ఆ పొద్దు మాత్రం నువ్వే నడిస్తివి."

ఆ ఊళ్లో పీరు మనుషులకు వంగదు. ఎదురుగా ఇంకో పీరు వస్తేనే వంగుతుంది. ఆ ఏడు పెద్దపీరును రహమతుల్లాయే ఎత్తుకున్నాడు. గుండానికి పోతూ మేళాన్ని కుళ్లాయప్ప గడప ముందు ఆపించి, మంచంలో ఉన్న అతనివైపు తిరిగి, ఊరంతా చూస్తుండగా పీరును వంచాడు.