నలభై మూడు ఖాళీలు

ఎడమవైపు కాగితంలో రెండు వందల పద్నాలుగు పేర్లున్నాయి. కుడివైపు కాగితంలో నూట డెబ్భై ఒకటి. అతను స్కేలు పెట్టి, ఒక్కో వరస కిందికి జరుపుకుంటూ మూడోసారి లెక్కపెట్టాడు. అంతే వచ్చింది. బల్ల కింద కుడికాలు ఆడుతూనే ఉంది.

ఆ కాలి వల్లే ఆఫీసులో అతనికి కుట్టుమిషనని పేరు. కూర్చుంటే చాలు, మడమ పైకీ కిందికీ ఊగుతుంది, తొక్కుడు మిషను మీద పరదాలు కుడుతున్నట్టు. పక్క బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికితే అతను సీట్లో ఉన్నాడని లెక్క. పందొమ్మిదేళ్ళుగా అదే గది. రెండో అంతస్తు, లిఫ్టు మోటారు పక్కన. లిఫ్టు కదిలినప్పుడల్లా గోడ మూలుగుతుంది. కొత్తగా చేరినవాళ్ళు వారం రోజులకే సీటు మార్పించుకుంటారు. అతను అడగలేదు. ఏదో ఒకటి కదులుతూ ఉంటేనే అతనికి పని సాగుతుంది.

మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకు నర్సులను పంపే సంస్థ అది. ఎవరింటికి ముందు వెళ్ళాలో రోజూ పొద్దున ఆరింటికి సంస్థ వెబ్‌సైటు ఒక జాబితా తీసి నర్సుల ఫోన్లకు పంపుతుంది. ఇంట్లో తోడు లేనివాళ్ళు ఆ జాబితాలో పైన ఉంటారు. రాత్రంతా పక్క మార్చేవాళ్ళు, మంచినీళ్ళు అందించేవాళ్ళు ఉండరు కాబట్టి ఏడింటికల్లా వాళ్ళ దగ్గరికి చేరాలి. తక్కినవాళ్ళ వంతు తొమ్మిది తర్వాత.

ఆ సైటు పీహెచ్‌పీ అనే భాషలో నడుస్తుంది. రాసింది అతనే, పదకొండేళ్ళ కింద, ఆ భాష ఐదో వెర్షన్‌లో ఉన్నప్పుడు. ఇప్పుడు ఎనిమిదో వెర్షన్ వచ్చింది. ఐదుకు మరమ్మతులు చేయడం ఆ భాష తయారుచేసినవాళ్ళు మానేసి చాలా కాలమైంది. సర్వరు అద్దెకిచ్చిన కంపెనీ మూడు ఉత్తరాలు రాసింది. మూడో ఉత్తరంలో తేదీ, గంట రాసింది. ఈ రోజు, సాయంత్రం ఐదు. ఆ తర్వాత పాత వెర్షన్ వాళ్ళ యంత్రాల్లో ఉండదు.

అందుకే పాత వెర్షన్‌లో ఒక జాబితా, కొత్త వెర్షన్‌లో ఒక జాబితా తీసి పక్కపక్కన పెట్టుకున్నాడు. పైవరసలో నలభై మూడు మంది తగ్గారు.

పదకొండింటికి సంగతి దొరికింది. ఫారంలో ‘ఇంట్లో తోడుండేవారు ఎంతమంది’ అని ఒక గడి ఉంది. అందులో సున్నా ఉంటే ఆ పేరు పైకి తెమ్మని అతను అప్పట్లో ఒక లైను రాశాడు. ఆ భాషలో రెండు సమానం గుర్తులు పెడితే సుమారుగా ఒకటేనా అని అడిగినట్టు. మూడు పెడితే అచ్చంగా ఒకటేనా అని. అతను రెండు పెట్టాడు. పాత వెర్షన్‌కు ఖాళీ, సున్నా సుమారుగా ఒకటే. అంచేత గడి నింపని నలభై మూడు మందినీ ఒంటరివాళ్ళ కింద జమకట్టి పైన కూర్చోబెట్టింది. కొత్త వెర్షన్ ఒప్పుకోవడం లేదు. ఖాళీ వేరు, సున్నా వేరు అంటోంది.

మేనేజరు వచ్చి స్క్రీను మీదికి వంగాడు. వయసులో అతనికంటే ఇరవై ఏళ్ళు చిన్న.

“గురూగారూ, ఖాళీలన్నిట్లో సున్నాలు పోసేయండి. ఒక్క లైను. రెండు నిమిషాల పని.”

“పోస్తే పాత లెక్కే వస్తుంది.”

“రానివ్వండి. పదకొండేళ్ళు నడిచిందిగా?”

“తప్పు నడిచింది.”

“అయితే వదిలేయండి. కొత్తది చెప్పినట్టే పోదాం.”

“ఆ నలభై మూడులో నిజంగా ఒంటరివాళ్ళుంటే? రేపు తొమ్మిదిన్నరదాకా ఎవరూ వెళ్ళరు.”

మేనేజరు గడియారం చూశాడు. “ఐదు దాటితే మాత్రం సైటే ఉండదు. అది గుర్తుపెట్టుకోండి.”

అతను కాగితం పట్టుకుని కింది అంతస్తులో పెద్ద నర్సు దగ్గరికి వెళ్ళి, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి. జాబితా అందుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వేలితో దిగుతూ వచ్చింది.

“ఈయనా? ఈయన ఒంటరేంటయ్యా! ఏడింటికల్లా నేను ఊడిపడితే ముగ్గురు కోడళ్ళు నిద్రమొహాలతో వచ్చి నిలబడేవాళ్ళు. ఇంత పొద్దున్నే ఎందుకొచ్చావే తల్లీ అన్నట్టు చూసేవాళ్ళు. నీ పుణ్యమేనా అది?”

“నా పుణ్యమే అక్కా.”

“నువ్వు నవ్వకు. ఆ ఇంటికి ముందు పోవాల్సొచ్చి, అవతలి వీధిలో ఒక్కతే ఉన్నావిడ దగ్గరికి నేను వెళ్ళేసరికి ఎనిమిదిన్నరయ్యేది. తడిసిన పక్క మీద అలాగే పడుండేది. రోజూ తిట్టేది నన్ను.” ఆమె వేలు కాగితం మీదే ఆగింది. “ఆ ఒంటరావిడ ఇప్పుడు లేదులే.”

అతని కాలు ఆగింది. పెద్ద నర్సు చూసి, “ఏమయ్యా, దారం తెగిందా?” అంది. తర్వాత గొంతు తగ్గించి, “నీకేం తెలుసు, పైన కూర్చుని” అంది.

ఆమెకు పందొమ్మిది ఇళ్ళ సంగతి తెలుసు. మిగిలినవి ఇరవై నాలుగు. వెళ్ళే నర్సులను అడుగుదామంటే వాళ్ళకు వారానికో వీధి మారుతుంది. తలుపు తీసిన మనిషిని చూస్తారు. ఆ మనిషి కూతురో, తాళంచెవి ఉన్న పక్కింటామో కనుక్కునే తీరిక వాళ్ళకుండదు.

అతను ఫోను తీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. కూర్చుంటే మాట తడబడుతుంది.

మొదటి ఇంట్లో ఒకామె ఎత్తింది. “నేనున్నాను, మా ఆయనున్నారు. ఆయన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం.” వెనకనుంచి మగగొంతు, “వింటున్నా” అంది.

అతను ‘రెండు’ అని రాశాడు. తర్వాత తప్పు తెలిసింది. రోగి ఆయనే. కొట్టేసి ‘ఒకటి’ అని రాశాడు.

ఇంకో ఇంట్లో ముసలాయన పలికాడు. “మా వాడు రాత్రి పది తర్వాత వస్తాడు, పొద్దున ఆరింటికి పోతాడు. నిద్రపోవడానికి వస్తాడు కానీ తోడుకి కాదు. ఎంత రాస్తావు? అర రాస్తావా?”

“అర తీసుకోదండీ.”

“మరెందుకయ్యా ఆ కంప్యూటరు?”

నర్సు వెళ్ళేది ఏడింటికి. అప్పటికి కొడుకు ఉండడు. ‘సున్నా’ అని రాశాడు.

మరొకామె వెంటనే మండిపడింది. “ఇంట్లో ఎంతమందంటే ఫోన్లో చెప్పేస్తారా? దొంగతనానికి ఏ రోజు వస్తావో అది కూడా చెప్పు. పదిమందిమున్నాం. కుక్క కూడా ఉంది.” ఆ గొంతు వెనక ఏ చప్పుడూ లేదు. అతను కిందికి వెళ్ళి చెబితే పెద్ద నర్సు నుదురు కొట్టుకుంది. “కుక్క ఉందందా? తెలిసింది, తెలిసింది. పేరు చూసి పోల్చుకోలేకపోయా. ఒక్కతే. కుక్క పోయి రెండేళ్ళు.”

మధ్యాహ్నం తిండికి కిందికి దిగలేదు. బిస్కెట్లు కొరుకుతూ కిటికీ నుంచి బల్లదాకా, బల్లనుంచి కిటికీదాకా తిరిగాడు. ఒక్కో ఫోను పెట్టేశాక ఒక్కో గడి నిండింది. ఆ గడి ఎవరూ మరచిపోయి వదల్లేదని అతనికి తెలుస్తూ వచ్చింది. కోడలు ఉంటుందో వెళ్ళిపోతుందో తేలని ఇల్లు ఒకటి. కొడుకు ఉన్నాడని రాస్తే అతను కోప్పడతాడనే తల్లి ఒకరు. ఎవరూ లేరని రాయడానికి చెయ్యి రాని మనిషి ఒకరు.

అది అతనికి కొత్త సంగతి కాదు. తన కాగితాల్లో ఆ గడి వచ్చినప్పుడు అతనూ వదిలేస్తాడు. భార్య తన చెల్లెలి పురిటికని వేరే ఊరు వెళ్ళింది. నెల అంది, మూడు నెలలంది. ఆ పుట్టిన పిల్ల ఇప్పుడు ఐదో తరగతి. గొడవేమీ జరగలేదు. విడాకుల మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఆదివారం ఫోను చేస్తుంది. తిన్నారా అంటుంది. తిన్నానంటాడు. నీళ్ళ ట్యాంకు మనిషి ఇంట్లో ఎంతమందని అడిగితే, ఇద్దరమని చెబుతాడు.

నాలుగున్నరకు ఇరవై మూడు తేలాయి. ఒక్క నంబరు ఎత్తడం లేదు. ఎనిమిదిసార్లు చేశాడు. మోగి మోగి ఆగిపోతోంది.

లైను మార్చాడు. మూడో సమానం గుర్తు పెట్టాడు. గడి ఖాళీగా ఉంటే తేలేదాకా ఆ పేరు పైనే ఉంచమని కింద ఇంకో లైను రాశాడు. జాబితా మళ్ళీ తీశాడు. పైవరసలో నూట ఎనభై ఐదు పేర్లు. నూట డెబ్భై ఒకటి ముందునుంచీ ఉన్నవి. పదమూడు నిజంగా ఒంటరివాళ్ళవని ఈ రోజు తేలినవి. ఒకటి తేలనిది.

ఐదుకు రెండు నిమిషాలుండగా మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. అతను ఒక ఆదేశం కొట్టాడు. ఐదో వెర్షన్ ఆగింది. ఇంకొకటి కొట్టాడు. ఎనిమిది మొదలైంది. పేజీ తెరుచుకుంది. పదకొండేళ్ళుగా రాత్రింబవళ్ళు నడిచింది ఆగిపోయినట్టు గదిలో ఏ గుర్తూ లేదు. లిఫ్టు వెళ్ళింది, గోడ మూలిగింది.

“అయిపోయిందా? ఇంతేనా?” అన్నాడు మేనేజరు.

“ఇంతే.”

మేనేజరు అతని భుజం తట్టి మీటింగుకు వెళ్ళాడు.

పెద్ద నర్సు చేతిసంచి భుజాన వేసుకుని మెట్ల దగ్గర ఆగింది. “ఆ ఒక్కటీ తేలలేదా? మా నర్సు పిల్ల ముందు అటు పోతే, ఇంకో ఒంటరి మనిషి అరగంట ఆగాలి. ఊరికే ఎవర్నీ ఆపను మళ్ళీ.”

“వెళ్ళి చూసొస్తానక్కా. రెండు స్టాపులే.”

“ఫోను చెయ్యి. ఎంతసేపైనా సరే.”

బస్సు వస్తోంది కానీ అతను ఆగలేకపోయాడు. నడిచాడు. ఆ ఇల్లు మూడంతస్తుల భవనంలో కింది వాటా. తలుపు వారగా తెరిచి ఉంది. లోపల డెబ్భై దగ్గర పడ్డ ఆమె నేలమీద కూర్చుని, సంచిలోనుంచి కాగితాలు తీసి పరుస్తోంది. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. మంచం మీద దుప్పటి సగం కిందికి జారి ఉంది.

“నర్సుల ఆఫీసునుంచి వచ్చానండీ.”

“రేపటినుంచి రావక్కర్లేదని చెప్పండి,” అంది ఆమె, తలెత్తకుండా. “పొద్దున మీ అమ్మాయి వచ్చి వెళ్ళిన గంటకి ఆయాసమొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పదింటికి పోయాడు. అన్నయ్య. గుర్తింపు కార్డు తెస్తేగానీ మనిషిని ఇవ్వరట. ఎక్కడ పెట్టి చచ్చాడో.” ఆ మాట విని తనే ఆగింది. తర్వాత మళ్ళీ కాగితాలు తిప్పింది.

అతను గడప బయటే నిలబడి పెద్ద నర్సుకు ఫోను చేశాడు. ఆయన పోయారక్కా, జాబితాలో పేరు తీసేస్తాను, వెనకవాళ్ళను ముందుకు జరుపుకోండి అన్నాడు. పెద్ద నర్సు “సరే నాయనా” అంది.

“దేనికొచ్చారు మీరు?” అని లోపలినుంచి అడిగింది ఆమె.

“ఇంట్లో తోడెంతమందో కనుక్కుందామనండీ. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంది.”

“అన్నయ్యే నింపాడది. నేను పక్కనే కూర్చున్నా. ఒకటని రాయరా అన్నాను. ఉండవే, రేపు నీకు పెళ్ళి కుదిరితే మళ్ళీ మార్పించుకోవాలి అన్నాడు.” ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “నాకప్పటికి అరవై రెండు.”

ఆమె భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో అతనికి తెలియలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. కాగితాలు సగం తనవైపు లాక్కుని వెతకడం మొదలుపెట్టాడు.

“మీకెందుకండీ. ఆలస్యమవుతుంది. ఇంట్లో చూస్తుంటారు.”

“చూడరండీ. ఎవరూ లేరు,” అన్నాడు. “ఒక్కణ్ణే ఉంటాను.”

పదేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఆమె తలూపి వెతుకుతూనే ఉంది. కార్డు కరెంటు ఆఫీసు కాగితాల మధ్యలో దొరికింది. ఆమె దాన్ని చీరకొంగుతో తుడిచి జాకెట్లో పెట్టుకుంది. ఆమెకోసం ఆగి ఉన్న టాక్సీ వీధిలో హారను కొట్టింది.

లేవబోతుంటే చప్పుడు తెలిసింది. ఈల లాంటిది, తెగకుండా. వచ్చినప్పటినుంచీ ఉంది. ఫ్రిజ్జేమో అనుకున్నాడు.

“అన్నయ్య చెవి మిషనండీ,” అంది ఆమె. “వెళ్ళేటప్పుడు తీసి అక్కడ పడేశాను. నాకు ఆపడం రాదు. వాడే ఆపుకునేవాడు.”

“నేను ఆపుతాను. వెనక చిన్న మూత ఉంటుంది. బ్యాటరీ తీస్తే చాలు.”

ఆమె తాళంకప్ప చేత్తో పట్టుకుని కాసేపు అటే చూసింది.

“ఉండనివ్వండి.”

ఇద్దరూ బయటికి వచ్చారు. ఆమె తాళం వేసి, లాగి చూసి, మెట్టు దిగింది. కిటికీ రెక్క తెరిచే ఉంది. లోపల గట్టు మీద, స్టీలు గిన్నెలో, వేలికొసంత చెవి మిషను సన్నగా కూస్తూనే ఉంది.