మూయించిన కళ్ళ సాక్ష్యం

నేనొక యూనిక్స్ సర్వర్‌ని. వరంగల్‌లోని ఒక భాషా పరిశోధన కేంద్రంవాళ్ళు కొనుక్కొచ్చిన నాటి నుంచి ఏసీ గదిలో పనిచేశాను. ఎవరు ఏ ఫైలు తెరిచినా, ఆఖరుసారి తెరిచిన వేళను దాని మీద ముద్ర వేయడం మా జాతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ అలవాటు మాన్పించింది వాళ్ళే, తర్వాత నా మాటే వేదమన్నదీ వాళ్ళే. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

పాయం రుక్మాబాయి అక్కడ పరిశోధకురాలు. కోయ గూడేలన్నీ తిరిగి ముసలమ్మల పాటలు రికార్డు చేసుకొచ్చింది. పాడినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గొంతులు నా డిస్కులో మిగిలాయి. రోజూ నా ముందు కూర్చుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మాటమాటా పట్టుకుని రాసుకునేది.

ఇంతలో నేను నెమ్మదించానని అందరూ సణగడం మొదలుపెట్టారు. నా బాగోగులు చూసే విఠల్, చదివిన ప్రతిసారీ ముద్ర వేయడం దండగని ఆ పని ఆపించాడు. నా వేగం పెరిగింది. అతనికి మెప్పు దక్కింది. తేదీలు మాత్రం ఉన్నచోటే గడ్డకట్టాయి.

కొన్నేళ్ళకు డిస్కు నిండింది. కాపీలు తీసే టేపు చెడితేనే కొనని డైరెక్టరు, కొత్త డిస్కు కొంటాడా? "రెండేళ్ళుగా ఎవరూ తెరవనివి తీసెయ్" అన్నాడు. విఠల్ తను చేసిన పని తానే మరిచి నన్నడిగాడు. నేను పాత తేదీలే చూపించాను. నా దగ్గర ఇంకేమున్నాయి గనుక! అతను పాటలన్నీ చెరిపేసి, వాటి చోట కొత్త ఫైళ్ళు నింపేశాడు.

అప్పటికి రుక్మాబాయి ఒక పాట వింటూనే ఉంది. ఇంకోటి వెతకబోతే ఏమీ కనిపించలేదు.

"విఠల్ సారూ! నా పాటలేవి?"

"అవి ఎవరూ వింటలేరు కద మేడమ్. రెండేండ్ల సంది తెరిచినట్టే లేదు. మెషీనే చూపెట్టింది."

"ఎవరూ వింటలేరా?" ఆమె హెడ్‌ఫోన్స్ ఊడబీకి అతని చెవులకు అదిమింది. "మరి ఇదేంది? మా అమ్మమ్మ పాడుతలేదా?"

ముద్ర వేయడం ఆపించిన సంగతి విఠల్‌కు అప్పుడు గుర్తొచ్చింది. "ఆ ఫైలు మూయకుండ్రి మేడమ్! మూస్తే అది గూడ పోతది."

నిజమే. పేరు చెరిపేసినా, తెరిచినవాళ్ళు వదిలేదాకా ఫైలును మేము వదలం. అతను ఆ ఒక్క పాటనూ నకలు తీశాడు. మిగతావాటి కోసం ఎంత వెతికినా ముక్క దొరకలేదు. ముద్ర వేసే అలవాటును నాకు తిరిగి ఇచ్చాడు, ఇల్లు కాలాక నీళ్ళు తెచ్చినట్టు.

"తప్పయింది మేడమ్."

"నాతోని కాదు. పాడినోళ్ళతోని చెప్పు."

మర్నాడు ఆమె మైకు తెచ్చి నాకు తగిలించి, తనకు గుర్తున్న పాటలు తానే పాడడం మొదలుపెట్టింది. ఒక పాట సగంలో మాట తట్టలేదు. మొదటి నుంచి అందుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. కళ్ళు తుడుచుకుని, మైకు ఆపకుండా, ఆ మాట వస్తుందేమోనని చాలాసేపు అలాగే కూర్చుంది.

నన్నిప్పుడు పాత సామాను గదిలో పడేశారు. ఆ నిశ్శబ్దం ఇంకా నాలోనే ఉంది.