దొర చివరి షాటు

వంటింటి గుమ్మంలో లద్దె ఎత్తి, ఫినాయిల్ పోసి కడిగేసరికి ఎనిమిదింపావయింది. ఇంకో ముప్పావుగంటలో నేను కళ్లజోళ్ల దుకాణంలో ఉండాలి. హాల్లోంచి మా ఆయన, "ఇవాళ ఎక్కడ వేశాడు?" అని అడిగి, నేను చెప్పగానే నోట్‌బుక్కులో రాసుకున్నారు. ఆయన సినిమా డైరెక్టరు. వరసగా రెండు సినిమాలు ఆడకపోయాక, ఇంటిల్లిపాదీ కలిసి చూసే కామెడీ తీస్తానని పట్టుబట్టి, గాడిద పిల్లను పెంచుకునే కుటుంబం కథ అల్లుకున్నారు. షూటింగు మా ఇంట్లోనే. పిల్ల ఇంటికి అలవాటుపడాలని నాలుగు నెలల ముందే తెచ్చి పెరట్లో కట్టేశారు. పెరట్లో అన్న మాటేగానీ, అది తిరిగిందంతా నా వెనకాలే.

పాలసీసా పట్టింది నేను. కడుపుబ్బరిస్తే పశువుల డాక్టరు చెప్పినట్టు వీధి చివరిదాకా గంటసేపు నడిపించింది నేను. 'దొర' అని పేరు పెట్టింది మాత్రం అత్తయ్య. "నేను పుట్టి బుద్ధెరిగాక ఇన్ని సేవలు నాకెవరూ చేయలేదు. వీడు దొరేనమ్మా" అన్నారు. అందులో నామీదో చిన్న విసురుందని తెలిసినా నవ్వేశాను. నాకూ వాడంటే ముద్దే. సాయంత్రం తలుపు తీయగానే చెవులు రెండూ నిక్కబొడుచుకుని పరుగెత్తుకొచ్చేవాడు. పదహారేళ్ల కాపురంలో నేను ఇంటికొచ్చినందుకు అంత సంబరపడ్డ ప్రాణి ఇంకొకటి లేదు. ఒకరోజు దుకాణం యజమాని నా చీరకు పట్టిన గాడిద వాసనకు ముక్కు మూసుకుని, "మీరు వెనక గదిలో కూర్చుని అద్దాలు తుడవండమ్మా" అన్నప్పుడు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికొచ్చి చెబితే మా ఆయన "భలే సీను!" అని అదీ రాసేసుకున్నారు.

తీరా షూటింగు మొదలయ్యాక దొర హీరో మొహమైనా చూడలేదు. మా ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. హీరో వెనకాల నేను క్యారెట్ పట్టుకుని నక్కాలి. దొర నాకోసం పరుగెత్తుకొస్తాడు, తెరమీద హీరో కోసం వచ్చినట్టుంటుంది. అలా ముప్పై రెండు రోజులు సోఫా వెనక, బల్ల కింద, వాషింగ్ మెషీను పక్కన మోకాళ్లు పట్టేసేలా నక్కాను. దుకాణానికి సెలవు పెట్టి మరీ.

ఒక్క షాటు మినహా అంతా అయ్యాక, కూర్చినంతవరకు ఎడిటింగు స్టూడియోలో మా ఇంట్లోవాళ్లకు వేసి చూపించారు. తెరమీద తండ్రి పాలసీసా పట్టాడు. తండ్రి గంటసేపు నడిపించాడు. యజమాని ముక్కు మూసుకున్నదీ తండ్రిని చూసే. మరి తల్లి? నడుమ్మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, ఆ గాడిదైనా ఉండాలి!" అని అరిచింది. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ నవ్వి, "అచ్చం మన ఇల్లేరా" అన్నారు. మా అమ్మాయి నా చెవిలో, "అమ్మా, నువ్వెప్పుడూ అలా అనలేదు కదా?" అంది.

ఇంటికొచ్చే దారిలో మా ఆయన్ని అడిగాను. "ఏమండీ, అవన్నీ నేను చేసినవి కదా?"

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, ప్రేమగానే. "నువ్వు చేస్తే అందులో కామెడీ ఏముందోయ్? ఆడవాళ్లు ఎలాగూ చేసేదే కదా. మగాడు చేస్తేనే జనం నవ్వుతారు."

చెడ్డమనిషి కాదు. తానేం అన్నారో కూడా ఆయనకు తెలియదు, నాకు మండింది అందుకే. ఆయన ఒక్కసారి అమ్మాయికి జడ వేస్తే ఆ ముచ్చట చుట్టాలందరికీ మూడేళ్లపాటు చెప్పుకున్నాం. చెప్పుకున్నవాళ్లలో నేనే ముందు. ఆ జడ వంకరగా ఉందని విప్పి మళ్లీ వేసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆయన చిన్నబుచ్చుకుంటారని. ఇలా ఎన్ని దాచానో తలుచుకుంటే, నన్ను సోఫా వెనక్కి నెట్టినవాళ్లలో నేనూ ఉన్నానని తోచి సిగ్గేసింది.

మిగిలిన ఆ ఒక్క షాటు మర్నాడు తీశారు. హీరో మా మెట్లమీద చేతులు చాచి కూర్చున్నాడు. గేటు దగ్గర్నుంచి దొర వచ్చి అతని భుజంమీద తల ఆనించాలి. నా చోటు అతని వెనక స్తంభం చాటున. వంగి కూర్చున్నాను. మా ఆయన "యాక్షన్" అన్నారు. దొర రెండడుగులు వేసి ఆగాడు. అటూ ఇటూ వెతికాడు, పాపం, బిక్కమొహం వేసుకుని.

నేను లేచి నిలబడ్డాను.

అంతే, వాడు హీరోని పక్కకు నెట్టేసి మెట్లెక్కి, నా పొట్టలో మూతి పెట్టి కుమ్మాడు. పడబోయి స్తంభం పట్టుకున్నాను. లైట్లవాళ్లు, మేకప్పువాళ్లు, చివరికి కెమెరా వెనక మనిషి కూడా పగలబడి నవ్వారు. కెమెరా తిరుగుతూనే ఉంది.

"ఏమోయ్, కనిపిస్తున్నావు! వంగు!" అని కేకేశారు మా ఆయన.

దొర మెడ చుట్టూ చెయ్యి వేసి, కెమెరాకేసి తిరిగాను.

"కనిపించనివ్వండి" అన్నాను.